అప్పు తీర్చే లెక్క – 6వ పాఠం: వాళ్లు ‘కుదరదు’ అన్నాక

పోయిన పాఠంలో ఇచ్చిన పని మీలో చాలామంది చేసే ఉంటారు. నెలకు వచ్చేదెంత, ఇంటికి కావలసిందెంత, మిగిలేదెంత అని ఒక కాగితం మీద వేసి, ఎవరికి ఎంత కట్టగలరో రాసి అప్పు ఇచ్చినవాళ్లకు పంపారు. వాళ్లు ఒప్పుకున్నారంటే సంతోషం, మీకు ఈ పాఠం అవసరం లేదు. ‘కుదరదు’ అన్నారంటే మాత్రం కాగితం, పెన్ను పట్టుకుని కూర్చోండి.

ముందు ఒక చేదు నిజం చెప్పాలి. మీ ప్లాను ఒప్పుకుని తీరాలని బ్యాంకునో ఫైనాన్స్ కంపెనీనో బలవంతపెట్టే రూలు లేదు. అది వాళ్ల వ్యాపార నిర్ణయం. ‘ఒప్పుకోలేదు’ అన్న ఒక్క కారణంతో ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు వినే అధికారికి) రాసినా ఫిర్యాదు తీసుకోరు. కాబట్టి ఈ పాఠంలో నేర్చుకునేది వాళ్లతో కొట్లాడడం కాదు. ఆ ‘కుదరదు’లో ఏముందో చదవడం, దానికి తగ్గట్టు రెండో ఉత్తరం రాయడం, ఈలోగా కట్టడం ఆపకుండా ఉండడం.

మూడోది ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, ఒడిశాలోని పర్లాకిమిడిలో మా నాన్నగారు కిరాణా కొట్టు నడిపేవారు. ఒక ఫైనాన్స్ కంపెనీ ఆయన అడిగిన గడువు ఇవ్వలేదు. ఆ అవమానంతో ఆయన నాలుగు నెలలు ఫోన్ ఎత్తలేదు, చేతిలో ఉన్నదీ కట్టలేదు. వాళ్లు కాదన్నందుకు జరిగిన నష్టం కన్నా ఆ నాలుగు నెలల మౌనం వల్ల జరిగిన నష్టమే మా ఇంటికి ఎక్కువైంది. ఇంకో ఇంట్లో అలా జరగకూడదనే ఈ పాఠాలు రాస్తున్నాను.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. గుణుపురంలో టైలరింగ్ షాపు పెట్టుకున్న ఒక అక్క అనుకోండి. వానాకాలంలో నెలకు 16,000 వస్తుంది. ఇంటి ఖర్చు, షాపు అద్దె కలిపి 10,500 పోతే మిగిలేది 5,500. కట్టాల్సినవి: ఫైనాన్స్ కంపెనీకి 4,200, గ్రూపు లోనుకు 2,300, బరంపురం బట్టల వ్యాపారికి 1,000. మొత్తం 7,500. అంటే నెలకు 2,000 తక్కువ. ఐదో పాఠంలో చెప్పినట్టు ఉన్న 5,500ని ముగ్గురికీ వాళ్ల వాయిదాల వంతున పంచింది: 3,080, 1,687, 733. బట్టల వ్యాపారి సరేనన్నాడు. ఫైనాన్స్ కంపెనీ కుదరదంది.

‘కంపెనీ కుదరదంది’ అన్నారు సరే, అన్నది ఎవరు? మొదటి ప్రశ్న ఇదే. ఇంటికొచ్చే వసూలు కుర్రాడు ‘లేదమ్మా, ఫుల్ ఈఎంఐ కట్టాల్సిందే’ అంటే అది కంపెనీ జవాబు కాదు. వాయిదా తగ్గించే అధికారం అతనికి లేదు. అతన్ని తిట్టీ లాభం లేదు, బతిమాలీ లాభం లేదు. బ్రాంచ్ మేనేజర్ ‘సిస్టం తీసుకోదు’ అన్నాడంటే, ఆ నిర్ణయం పైనున్న రీజినల్ ఆఫీసు చేతిలో ఉందని అర్థం. అప్పుడు ‘నా ఉత్తరం పైకి పంపండి, పంపినట్టు ఈ కాపీ మీద తేదీ వేసి ముద్ర కొట్టండి’ అని అడగండి. అసలు జవాబే రాకపోతే, ఉత్తరం స్పీడ్ పోస్ట్‌లో మళ్లీ పంపి రసీదు దాచండి.

మన సరిహద్దు ఊళ్లలో ఇంకో చిక్కు ఉంది. మనం మాట్లాడేది తెలుగు, బ్రాంచ్‌లో ఒడియా, కాగితాలు ఇంగ్లీషు. కుదరదని వచ్చిన కాగితం ఏమంటోందో తెలియకుండానే సంతకం పెట్టి ఇంటికి తెచ్చుకున్నవాళ్లను నేను చూశాను. అప్పు తీసుకున్నవాళ్లకు అర్థమయ్యే భాషలోనే సమాచారం ఇవ్వాలని ఫైనాన్స్ కంపెనీలకు ఆర్‌బీఐ నియమం ఉంది. ‘నాకు తెలుగు వచ్చు, ఇది తెలుగులో వివరించి రాసివ్వండి’ అని అడగడానికి మొహమాటపడకండి.

కారణం రాసి ఇచ్చారంటే మీ పని సగం తేలికైనట్టే. నేను చూసినంతలో కారణాలు రెండు రకాలు. ఒకటి, మీ లెక్క మీద నమ్మకం లేకపోవడం. అలాంటప్పుడు బ్యాంకు పాస్‌బుక్ ఆరు నెలల పేజీలు, అద్దె రసీదు, ఆర్డర్ల పుస్తకం జిరాక్సులు జతచేస్తే చాలాసార్లు పని జరుగుతుంది. రెండోది, ‘తక్కువ కడతానన్నారు సరే, ఎప్పటిదాకా?’ అన్న ప్రశ్న. అక్క మొదటి ఉత్తరంలో ఉన్న లోపం ఇదే. నెలకు 3,080 కడతానంది తప్ప అది ఎప్పుడు ముగుస్తుందో రాయలేదు. చివరి తేదీ లేని కాగితాన్ని ఏ మేనేజరూ పైకి పంపడు, పంపితే ఆయన్నే అడుగుతారు.

అందుకని సీజన్ లెక్క వేయాలి. దసరా నుంచి సంక్రాంతి దాకా టైలర్‌కు చేతినిండా పని. అక్కకు అప్పుడు నెలకు 20,000 వస్తుంది, ఖర్చు పోను 9,500 మిగులుతుంది. జూలై, ఆగస్టు, సెప్టెంబర్‌లలో 3,080 చొప్పున కడితే నెలకు 1,120 చొప్పున 3,360 బాకీ పడుతుంది. అక్టోబర్ నుంచి జనవరి దాకా నాలుగు నెలలు 4,200కు 840 కలిపి 5,040 కడితే ఆ 3,360 తీరిపోతుంది. మిగతా ఇద్దరి వాయిదాలు, వాళ్ల పాత బాకీ కలిపినా ఆ నెలల్లో మొత్తం 9,000 దాటదు. వేసి చూసుకోండి.

ఇప్పుడు రెండో ఉత్తరం. ఇలా రాయవచ్చు:

“బ్రాంచ్ మేనేజర్ గారికి. నా లోను నంబరు ఇది. ఫలానా తేదీన నేనిచ్చిన అర్జీని మీరు ఒప్పుకోలేదు. మీరు చెప్పిన కారణం చూసి లెక్క మార్చాను. జూలై నుంచి సెప్టెంబర్ వరకు నెలకు 3,080, అక్టోబర్ నుంచి జనవరి వరకు నెలకు 5,040 కడతాను. జనవరి ఆఖరుకు పాత బాకీ ఉండదు. ఈ మూడు నెలలూ ఆటో డెబిట్ 3,080కే పెట్టమని, ఆలస్య రుసుము మాఫీ చేయమని కోరుతున్నాను. ఆదాయం ఆధారాలు జతచేశాను. మీ జవాబు వచ్చేవరకు 3,080 చొప్పున కడుతూనే ఉంటాను. ఒప్పుకోలేకపోతే కారణం రాసి ఇవ్వండి.”

ఇందులో కష్టాల కథ లేదు, చూడండి. కష్టం నిజమే, కానీ పైఆఫీసులో కాగితం చదివే మనిషికి తేదీలు, అంకెలు కావాలి. ఆటో డెబిట్ (ఖాతా నుంచి వాయిదా దానంతటదే కోత పడే ఏర్పాటు) మాట తప్పకుండా రాయండి. ఖాతాలో డబ్బు చాలక డెబిట్ తిరిగి వెళితే బ్యాంకు ఒక రుసుము, కంపెనీ ఒక రుసుము వేస్తాయి. పైగా 2007 నాటి చెల్లింపుల చట్టం 25వ సెక్షన్ కింద చెక్ బౌన్స్ లాంటి కేసే పెట్టవచ్చు.

ఒక హెచ్చరిక. మీరు అప్పు ఉందని రాసి సంతకం పెడితే, దావా వేయడానికి వాళ్లకున్న మూడేళ్ల గడువు ఆ తేదీ నుంచి మళ్లీ మొదలవుతుంది. నడుస్తున్న లోనుకు దీనితో ఇబ్బంది లేదు. ఎప్పుడో వదిలేసిన పాత అప్పు గురించి అయితే ఉత్తరం రాసేముందు వకీలును అడగండి.

జవాబు వచ్చేలోగా కట్టడం సంగతి. మూడు నెలలు ఏమీ కట్టకపోతే అక్క బాకీ 12,600. బాకీ పడి 90 రోజులు దాటితే లోను మొండి బకాయి కిందికి వెళ్తుంది. అదే 3,080 చొప్పున కడితే బాకీ 3,360, అంటే ఒక్క వాయిదా కన్నా తక్కువ. కట్టింది సాధారణంగా పాత వాయిదాకే జమవుతుంది కాబట్టి మూడో నెల కట్టాక మిగిలేది ఆ నెల బాకీయే. వాళ్లు ప్లాను ఒప్పుకోకపోయినా ఈ లాభం మీదే. ఒకే కంపెనీలో రెండు లోన్లు ఉంటే ఏ లోనుకు కడుతున్నారో కట్టేటప్పుడే రాసివ్వండి. మీరు చెప్పినదానికే జమ వేయాలని 1872 కాంట్రాక్టు చట్టం 59వ సెక్షన్ చెబుతోంది. చేతికి నగదు ఇస్తే రసీదు లేకుండా కదలకండి.

కొన్నిచోట్ల ‘కుదరదు, కానీ కొత్త లోను ఇస్తాం, దానితో పాతది క్లోజ్ చేద్దాం’ అంటారు. దయచేసి వద్దు. మిగిలే 5,500 పెరగలేదు, అప్పు మాత్రం పెరుగుతుంది.

గ్రూపు లోను వేరే రకం. మీరు తక్కువ కడితే పక్కింటి అక్క మీద ఒత్తిడి పడుతుంది, కాబట్టి గ్రూపు వాళ్లంతా కలిసే సెంటర్ మీటింగ్‌కు ముందే గ్రూపు వాళ్లకు మీ లెక్క చూపించండి. తెలుగు టీవీలో విని ‘2010 చట్టం ఉందిగా’ అంటారు మనవాళ్లు. అది ఆంధ్రప్రదేశ్ చేసిన మైక్రోఫైనాన్స్ (గ్రూపులకిచ్చే ఇలాంటి చిన్న అప్పుల) చట్టం, ఒడిశాకు వర్తించదు. ఇక్కడ మనకు పనికొచ్చేది ఆర్‌బీఐ 2022లో ఇచ్చిన నియమాలు. మైక్రోఫైనాన్స్ వాళ్లు ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయకూడదు. ఆలస్య రుసుము బాకీ పడ్డ మొత్తం మీదే వేయాలి, లోను మొత్తం మీద కాదు. బెదిరించినా, బంధువులను వేధించినా, ఉత్తరానికి అసలు జవాబే ఇవ్వకపోయినా, అప్పుడు అంబుడ్స్‌మన్‌కు వెళ్లే దారి ఉంది. ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, జవాబు కోసం 30 రోజులు చూసి ఉండాలి. నంబరు 14448, ఫీజు లేదు.

రెండో ఉత్తరానికీ ‘కుదరదు’ అంటే న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. పర్లాకిమిడి, రాయగడ కోర్టుల దగ్గర అడిగితే చెబుతారు, 15100కు ఫోన్ చేసినా చెబుతారు. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా వకీలు ఉచితం. కేసు పడకముందే లోక్ అదాలత్‌లో కూర్చోబెట్టమని అడగవచ్చు. అక్కడ రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో (తీర్పుతో) సమానం, అప్పీలు ఉండదు. అందుకని కట్టలేని అంకెకు అక్కడ తలూపకండి. ఒకవేళ కంపెనీ దావా వేసి గెలిచినా, తగిన కారణం ఉంటే వాయిదాల్లో కట్టమనే అధికారం సివిల్ కోర్టుకు ఉంది. అక్కడ మీ రెండు ఉత్తరాలు, నెలనెలా కట్టిన రసీదులు మీ తరఫున మాట్లాడతాయి.

ఈ వారం పని: మీకు వచ్చిన ‘కుదరదు’ను నోటుబుక్కులో రాయండి. ఎవరన్నారు, ఏ తేదీన, ఏ మాటలతో. దాని కింద మీ పనిలో డబ్బు ఎక్కువ వచ్చే నెలలేవో, తగ్గే నెలలేవో రాసి, బాకీ తీరే తేదీ వచ్చేదాకా లెక్క వేయండి. తేదీ రాకపోతే ఉత్తరం పంపకుండా ఆగండి. లోక్ అదాలత్‌కు వెళ్లే రోజు ఏం తీసుకెళ్లాలో ఏడో పాఠంలో చూద్దాం, అప్పటికి ఆ నోటుబుక్కు మీ చేతిలో ఉండాలి.