మాడ్యూళ్లను ఈవెంట్లతో కలిపే ముందు జాగ్రత్తలు

వరంగల్ ఏనుమాముల మార్కెట్లో అడ్తి (కమీషన్ ఏజెంటు) దుకాణానికి అప్లికేషన్ రాస్తున్నారనుకుందాం. కాంటా (తూకం), తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకం చీటీ), ఎస్సెమ్మెస్ మూడు మాడ్యూళ్లు, అంటే అప్లికేషన్లో వేర్వేరు భాగాలు. ఒక భాగం ‘ఫలానాది జరిగింది’ అని మిగతావాటికి పంపే కబురే ఈవెంట్. కోడు ముట్టే ముందు ఇవి చూసుకోండి.

□ వెంటనే జవాబు కావాలా? రైతు ఖాతాలో బాకీ ఎంతో అడగడానికి ఈవెంట్ దండగ. నేరుగా ఫంక్షన్ పిలవండి.

□ పేరు జరిగిపోయిన సంగతి చెప్పాలి. ‘కాంటా పూర్తయింది’ అంటే ఈవెంట్. ‘తక్‌పట్టీ చెయ్యి’ అంటే వేషం మార్చిన ఆజ్ఞ.

□ ఎప్పుడు పంపుతున్నారు? తిప్పలన్నీ ఇక్కడే. కమిట్‌కు (డేటాబేస్‌లో రాత ఖాయం కావడానికి) ముందే పంపితే, ట్రాన్సాక్షన్ (అన్నీ కలిసి ఖాయమయ్యే, లేదా అన్నీ కలిసి రద్దయ్యే రాతల కట్ట) రోల్‌బ్యాక్ అయినా, అంటే రద్దయినా, రైతు ఫోనుకు మెసేజ్ పోయే ఉంటది. కమిట్ తర్వాత పంపుదామంటే, ఆ నడుమ సర్వర్ పడిపోతే ఈవెంటే గల్లంతు. అందుకే కాంటా వివరాన్ని, ఈవెంటును ఒకే ట్రాన్సాక్షన్లో రెండు టేబుళ్లలో రాయండి. రెండోదాన్ని అవుట్‌బాక్స్ అంటారు. దాన్ని చదివి పంపే పని వేరే ప్రాసెస్‌ది.

□ ఆ ప్రాసెస్ ఈవెంట్ పంపి, పంపినట్టు రాసుకునేలోపే ఆగిపోతే మళ్లీ పంపుతుంది. ప్రతి ఈవెంటుకు ఐడీ ఇచ్చి, అందుకునేవైపు టేబుల్లో ఆ ఐడీకి యూనిక్ కీ (అదే ఐడీ రెండోసారి చేరకుండా ఆపేది) పెట్టండి. లేకుంటే అవే 40 బస్తాలకు రెండు తక్‌పట్టీలు.

□ ఈవెంట్లు చేరవేసే కాఫ్కాలో వరుస ఒక పార్టిషన్ (ఈవెంట్ల క్యూలో ఒక పాయ) లోపలే నిలుస్తుంది. ఒకే కీ ఉన్నవి ఒకే పార్టిషన్‌కు పోతాయి కాబట్టి లాట్ నంబరునే కీగా ఇవ్వండి.

□ జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్‌లో మామూలు ఈవెంట్ లిజనర్ (ఈవెంట్ అందుకునే కోడు), ఈవెంటును పంపిన థ్రెడ్‌లోనే నడుస్తుంది; అది ముగిసేదాకా పంపినవైపు ఆగాల్సిందే. ఎస్సెమ్మెస్ గేట్‌వే మొరాయిస్తే కాంటా సేవ్ కావడమూ ఆగుతుంది.

□ ఈవెంట్లో పాత ఫీల్డులు తీసేయొద్దు. కొత్తవి చేర్చుకోవచ్చు.