సాక్షిగా ఉండటం – 4వ పాఠం: ‘నాకు కోపం వచ్చింది’

ఊపిరిని మార్చే ప్రయత్నం చేయకుండా కేవలం గమనించడాన్ని గత పాఠంలో అభ్యసించాం. కూర్చున్నప్పుడు కుదిరిన ఆ గమనింపు లేచి నలుగురిలోకి వెళ్ళగానే చెదిరిపోతుంది. అక్కడ దానిని నిలుపుకోవడానికి ఈ వారం కోపాన్ని తీసుకుందాం.

ముందు మన భాషను మనమే వినాలి. భయం వేసింది అంటాం, దిగులు పట్టుకుంది అంటాం, కోపం వచ్చింది అంటాం. వచ్చినది వేరు, అది ఎవరికి వచ్చిందో ఆ ‘నేను’ వేరు అన్న ఎరుక ఆ పలుకుబడిలోనే ఉన్నా, రోజూ పలుకుతూ కూడా మనం దానిని పట్టించుకోము. ముండకోపనిషత్తులో ఒకే చెట్టు మీద రెండు పక్షులుంటాయి. ఒకటి పండు తింటుంది, రెండవది తినక చూస్తూ ఉంటుంది. ఆ చూసే పక్షి, అంటే మనలోని సాక్షి, ఏకాంతంలో కన్నా మాటామాటా పెరిగిన చోటనే త్వరగా పట్టుబడుతుందని నా నమ్మకం.

మీరు చెబుతున్న మాటను ఎవరో మధ్యలో తుంచేశారనుకోండి. దవడ బిగుస్తుంది, చెవులు వేడెక్కుతాయి, ఎదుటివారి వాక్యం ముగియకముందే జవాబు నాలుక చివరకు వచ్చేస్తుంది. అప్పుడు కోపాన్ని అణచవద్దు, సమర్థించనూ వద్దు. దృష్టిని దవడ దగ్గరకు తెచ్చి, ‘వచ్చింది’ అని లోపల అనుకుని, ఒక్క ఊపిరి పూర్తిగా విడిచాక మాట్లాడండి. కటువైన మాట అవసరమైతే తప్పక అనండి. అన్యాయాన్ని సహించి ఊరుకోమని సాక్షిభావం చెప్పదు.

మొదట్లో అంతా అయిపోయాకే ఇది గుర్తుకు వస్తుంది. నాకు చాలాకాలం అలాగే జరిగింది. గంట తరువాత గుర్తుకు వచ్చినా అది గమనింపే.

కొన్నాళ్ళకు ‘బాగా గమనిస్తున్నాను’ అన్న తృప్తి పుడుతుంది. ఇక్కడే జాగ్రత్త అవసరం. వేదాంతంలోని దృగ్దృశ్య వివేకం (చూసేదానినీ చూడబడేదానినీ వేరుచేసి తెలుసుకోవడం) ప్రకారం రూపాన్ని కన్ను, కన్నును మనస్సు, మనస్సులోని వృత్తులను, అంటే అందులో పుట్టే కదలికలను, సాక్షి చూస్తాయి. సాక్షి మాత్రం దేనికీ దృశ్యం కాదు. ఆ తృప్తి కూడా ఒక వృత్తే కనుక, దానినీ ‘వచ్చింది’ అనే చూడండి.

రోజుకొక్క సంఘటన చాలు. ఏది వచ్చింది, శరీరంలో ఎక్కడ తెలిసింది, ఎంతసేపటికి గమనించారు అన్నవి మాత్రమే రాత్రి రాసుకోండి. ఎదుటివారి తప్పులను రాయవద్దు. ఆ కాగితాలను దగ్గర ఉంచుకుంటే, వాటిలోని ‘నాకు’ అన్న మాటను పట్టుకుని 5వ పాఠంలో విచారణ మొదలుపెడతాం.