గేర్‌బాక్స్ వేడి కంటికి కనబడాలంటే

ట్రైలర్ కట్టుకుని కొండదారి ఎక్కిన రోజు ఇంజిన్ వేడి చూపే ముల్లు కదలనే లేదు. దిగి డిప్‌స్టిక్ తీస్తే, ఎర్రగా ఉండాల్సిన ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ గోధుమరంగుకు తిరిగి మాడు వాసన కొట్టింది. ఆ వారమే విడిగా టెంపరేచర్ గేజ్ బిగించుకున్నాను.

అసలు ఆలోచించాల్సింది సెన్సర్ ఎక్కడ పెట్టాలన్నదే. ఆయిల్‌ను చల్లబరిచే కూలర్‌కు వెళ్లే పైపులో పెడితే టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) వేడి వెంటనే తెలుస్తుంది, కానీ ముల్లు ఊరికే ఎగిరిపడుతుంది. నేను గేర్‌బాక్స్ అడుగున ఉండే ఆయిల్ పాన్‌నే ఎంచుకున్నాను. అక్కడి అంకె నిలకడైనది. పాన్ విప్పి, సెన్సర్ కొన లోపలి ఫిల్టర్‌కు తగలని చోట రంధ్రం వేసి, మరలున్న బుష్‌ను వెల్డింగ్ చేయించాలి. తర్వాత లోహపు రజను రేణువైనా మిగలకుండా కడగాలి. ఇక్కడ తొందర పనికిరాదు, ఆ రజనే వాల్వులను పట్టేస్తుంది.

ఒకే తీగ ఉన్న సెన్సర్‌కు ఎర్త్ దాని మరల ద్వారానే అందుతుంది. అందుకే ఆయిల్ కారకుండా మరలకు చుట్టే టెఫ్లాన్ టేపు మందంగా చుట్టకండి, ఎర్త్ అందకుండా పోతుంది.

బ్యాటరీ తీగ విప్పాకే వైరింగ్ మొదలుపెట్టండి. సెన్సర్ తీగను సైలెన్సర్ పైపుకు దూరంగా గేజ్ దాకా తీసుకెళ్లండి. గేజ్‌కు కరెంటు ఇగ్నిషన్ నుంచి, ఫ్యూజు ద్వారా ఇవ్వండి.

నా బండిలో మామూలుగా 80 నుంచి 95 డిగ్రీల సెల్సియస్ చూపిస్తుంది. 120 దాటితే పక్కకు ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో ఇంజిన్‌ను నడవనిస్తాను. ముల్లు దిగేదాకా కదలను.