రోజూ నడుస్తున్నా బరువు తగ్గడం లేదా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

వాకింగ్ మొదలుపెట్టి రెండు నెలలైంది, బరువు మాత్రం ఉన్నచోటే ఉంది. చాలామంది నడక మానేసేది సరిగ్గా ఈ దశలోనే. మానేస్తే బీపీకి, షుగర్‌కి, గుండెకి అప్పటికే జరుగుతున్న మేలు కూడా పోతుంది. అందుకే ఆపే ముందు లోపం వెతకండి. కింద ఇచ్చిన వరుసలోనే చూసుకుంటూ రండి. కొలతలో తప్పుంటే మిగతావి ఎంత సరిదిద్దినా ఫలితం కనబడదు కాబట్టి దాన్నే ముందు పెట్టాం.

సమస్య: తూకం రోజుకో అంకె చూపిస్తోంది

నిన్న 74.2, ఇవాళ 75.1. ఒక్క రాత్రిలో 900 గ్రాముల కొవ్వు పట్టదు. అది నీరు. రాత్రి పెరుగన్నంలోకి ఆవకాయ కాస్త ఎక్కువ వేసుకున్నా, పెళ్లిభోజనం చేసినా ఉప్పు ఒంట్లో నీటిని నిలబెడుతుంది. కండరాల్లో దాచిన గ్లైకోజెన్ (నిల్వ ఉంచిన పిండిపదార్థం) కూడా గ్రాముకు సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. ఆడవాళ్లకు నెలసరికి ముందు బరువు పెరిగినట్టు కనిపించడం మామూలే.

ఏం చేయాలి: పొద్దున్నే కాలకృత్యాలు అయ్యాక, నీళ్లు కూడా తాగకముందు తూచుకోండి. మెషిన్ గచ్చు మీద ఉండాలి, చాప మీదో పట్టా మీదో కాదు. ఏడు రోజుల అంకెలు కూడి ఏడుతో భాగించండి. మొదటి వారం సగటును నాలుగో వారం సగటుతోనే పోల్చండి. అప్పటికీ తేడా లేకపోతేనే బరువు తగ్గలేదని అర్థం.

సమస్య: బరువు అంతే ఉంది, కానీ ప్యాంటు వదులైంది

ఇది అసలు సమస్యే కాదు. పొట్ట లోపలి కొవ్వు తగ్గుతూ, కండ కాస్త పెరుగుతూ ఉంటే తూకంలో మార్పు కనబడదు. మనవాళ్ల విషయంలో ఈ తేడా చాలా ముఖ్యం. పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ తమ వివరాలనే పక్కపక్కన పెట్టి 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే అంకె) 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. భారతీయులకు బీఎంఐ హద్దును 23 దగ్గరే పెట్టడం, నడుము హద్దును మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లుగా తీసుకోవడం ఇలాంటి తేడాల వల్లే.

టేపును బెల్టు పెట్టుకునే చోట చుట్టకండి. చివరి పక్కటెముకకు, తుంటి ఎముక పైఅంచుకు సరిగ్గా మధ్యలో, మామూలుగా ఊపిరి వదిలాక, పొట్ట లోపలికి పీల్చకుండా కొలవండి. ముందు, వెనక టేపు ఒకే ఎత్తులో ఉందో లేదో అద్దంలో చూసుకోండి. రెండు వారాలకోసారి కొలిస్తే చాలు.

బరువు తగ్గకపోయినా లాభముంటుందనడానికి మన దగ్గరే గట్టి ఆధారం ఉంది. చెన్నై పరిశోధకులు 2006లో ప్రచురించిన భారతీయ మధుమేహ నివారణ అధ్యయనంలో నడక, తిండి మార్పులు పాటించినవారిలో షుగర్ వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. వాళ్ల బరువు మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు.

సమస్య: అరగంట నడుస్తున్నాను, నడుమూ తగ్గలేదు, బరువూ తగ్గలేదు

మొదటి కారణం వేగం. కబుర్లు చెప్పుకుంటూ నడిచే నడక చాలావరకు గంటకు 3 – 3.5 కిలోమీటర్లు దాటదు. కనీసం 5 కావాలి. పార్కులో ట్రాక్ చుట్టుకొలత 400 మీటర్లయితే ఒక రౌండు 4 నిమిషాల 48 సెకన్లలోపు పూర్తవ్వాలి. ట్రాక్ లేకపోతే 15 సెకన్లపాటు అడుగులు లెక్కపెట్టండి, 25 పడాలి. మాట్లాడగలగాలి కానీ పాట పాడలేనంత ఆయాసం ఉండాలి.

రెండో కారణం లెక్క. 70 కేజీల మనిషి ఈ వేగంతో అరగంట నడిస్తే సుమారు 120 కేలరీలు ఖర్చవుతాయి. అందులో 35 ఊరికే కూర్చున్నా ఖర్చయ్యేవే. మిగిలేది 85. కేజీ కొవ్వులో దాదాపు 7,700 కేలరీలుంటాయి. అంటే తిండిలో ఏ మార్పూ లేకుండా నడక ఒక్కదానితోనే కేజీ తగ్గాలంటే మూడు నెలలు. ఈ లెక్క ముందే తెలిస్తే నిరాశ ఉండదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన వారానికి 150 – 300 నిమిషాలు ఆరోగ్యం కోసం. బరువు కూడా తగ్గాలంటే 250 నిమిషాలు దాటాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ 2009లో సూచించింది. ఒక్కసారే ముప్పావుగంట కుదరకపోతే ఉదయం 30, రాత్రి భోజనం తర్వాత 15 పెట్టుకోండి. వారానికి ఆరు రోజులైతే 270 అవుతాయి. భోజనం తర్వాతి నడక తిన్నాక పెరిగే షుగర్‌ను కూడా తగ్గిస్తుంది.

సమస్య: వేగం సరిపోయింది, నిమిషాలూ సరిపోయాయి, తిండీ తక్కువే

‘తక్కువే’ అన్నది ఇక్కడ పరీక్షించాల్సిన మాట. ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదన్నవారిని అమెరికాలో పరీక్షించి 1992లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లు చెప్పిన తిండి అసలు తిన్నదానికంటే 47 శాతం తక్కువ, చెప్పిన వ్యాయామం అసలు చేసినదానికంటే 51 శాతం ఎక్కువ. కంటి అంచనా మనందరినీ ఇలాగే మోసం చేస్తుంది. మన వంటింట్లో ఇది ఎక్కువగా జరిగేది నూనె దగ్గర.

నూనెను గరిటెతో కొలవకండి, ప్యాకెట్‌తో కొలవండి. లీటరు ప్యాకెట్ కత్తిరించిన రోజు తేదీ దాని మీదే రాయండి. లీటరు అంటే సుమారు 910 గ్రాములు. నలుగురున్న ఇంట్లో తలా రోజుకు 20 గ్రాముల చొప్పున వాడితే అది 11 రోజులు రావాలి. ఆరు రోజులకే అయిపోతే తలా 38 గ్రాములు పడుతోందన్నమాట. ఆ అదనపు 18 గ్రాముల్లో 160 కేలరీలున్నాయి, అరగంట నడకలో మిగిలే 85కు దాదాపు రెట్టింపు. పచ్చళ్లలో నూనె, బయట తిన్న పూరీ, బజ్జీ ఈ లెక్కలోకి రావు, అవి వేరు.

తిరగమోత మానమని చెప్పడం లేదు. వేపుళ్లను వారానికి రెండుసార్లకు తగ్గించి, మిగతా రోజులు పులుసు, పప్పుకూర, ఇగురు చేసుకుంటే ప్యాకెట్ దానంతటదే ఎక్కువ రోజులు వస్తుంది.

అన్నం సంగతికొస్తే, వండాక కాదు, వండకముందే బియ్యం తూచండి. 100 గ్రాముల బియ్యంలో సుమారు 350 కేలరీలు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు ధాన్యాల నుంచి వచ్చే కేలరీలు మొత్తంలో 45 శాతం దాటొద్దంటున్నాయి. బియ్యానికి బదులు జొన్నరొట్టె తిన్నంత మాత్రాన ఈ వాటా తగ్గదు, జొన్నా ధాన్యమే. కూర రెట్టింపు చేసి, అన్నం లేదా రొట్టె తగ్గించాలి. టీలో రెండు చెంచాల చక్కెర అంటే 40 కేలరీలు, రోజుకు నాలుగు టీలైతే 160. వాకింగ్ అయ్యాక నోట్లో వేసుకునే గుప్పెడు వేరుశనగలు 30 గ్రాములుంటే 170.

సమస్య: మొదట్లో 5 కేజీలు తగ్గి, అక్కడే ఆగిపోయింది

ఒళ్లు తేలికైతే అదే నడకకు ఖర్చు తగ్గుతుంది. పైగా త్వరగా తగ్గితే శరీరం విశ్రాంతిలో పెట్టే ఖర్చునూ కుదిస్తుంది. అమెరికా టీవీ పోటీలో భారీగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షిస్తే వాళ్ల శరీరాలు రోజుకు అంచనా కంటే సుమారు 500 కేలరీలు తక్కువ ఖర్చుపెడుతున్నాయి. ఈ ఫలితాలు 2016లో వచ్చాయి.

ఇక్కడ నడక ఇంకో పావుగంట పెంచడం కంటే కండను కాపాడుకోవడం మంచిదని మా అభిప్రాయం. వారానికి రెండు రోజులు, మధ్యలో ఒక రోజు విరామంతో: కుర్చీలోంచి చేతులు ఆనించకుండా 10 సార్లు లేవడం, గోడకు 10 పుషప్‌లు, మడమలెత్తి 15 సార్లు నిలబడటం. ఒక్కోటి మూడు విడతలు. తేలిగ్గా ఉంటే వీపున సంచిలో రెండు లీటర్ల నీళ్ల సీసా పెట్టుకోండి. బరువు కేజీకి ఒక గ్రాము చొప్పున ప్రోటీన్ అందాలి. గుడ్డులో 6 గ్రాములు, 30 గ్రాముల కందిపప్పులో 6 – 7, గ్లాసు పాలలో 6. కిడ్నీ జబ్బున్నవారు ఈ లెక్క డాక్టర్‌ను అడిగాకే పెట్టుకోవాలి.

సమస్య: మోకాళ్ల నొప్పితో నడవలేకపోతున్నాను

ఒంట్లో కేజీ తగ్గితే ప్రతి అడుగుకూ మోకాలి మీద సుమారు నాలుగు కేజీల భారం తగ్గుతుంది. అంతవరకూ ఆగడం ఎలా? సైకిల్, నీళ్లలో నడక, కూర్చుని కాలు చాపి పది సెకన్లు బిగించడం సాయపడతాయి. సిమెంటు మెట్లు, ఏటవాలు రోడ్లు కొన్నాళ్లు వదిలేయండి. వాపు, వేడి ఉంటే నడక ఆపి చూపించుకోవాలి.

వెంటనే ఆగాల్సిన సందర్భాలు

షుగర్‌కి గ్లిమెపిరైడ్ మాత్రలో, ఇన్సులినో వాడుతూ పరగడుపున నడిచేవారికి చెమటలు, వణుకు వస్తే ఆగి షుగర్ చూసుకోండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. మీటర్ దగ్గర లేకపోతే చూసేదాకా ఆగకుండా చక్కెర తాగేయండి. ఛాతీ బిగపట్టడం, నొప్పి దవడకో చేతికో పాకడం ఉంటే నేరుగా ఆస్పత్రికి వెళ్లాలి. కాళ్ల వాపుతో రెండు మూడు రోజుల్లో రెండు కేజీలు పెరిగినా డాక్టర్‌కు చూపించాలి.

పైవన్నీ సరిగ్గా ఉండి 12 వారాలకూ కదలిక లేకపోతే థైరాయిడ్ (టీఎస్‌హెచ్) పరీక్ష, ఆడవారికి నెలసరి తప్పుతుంటే పీసీఓఎస్ (అండాశయాల, హార్మోన్ల సమస్య) పరీక్ష అడగండి. ఇన్సులిన్, స్టెరాయిడ్లు, మానసిక జబ్బులకు వాడే ఓలాంజపిన్, మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ బరువు పెంచగలవు. వాటిని సొంతంగా ఆపొద్దు, బదులు మందు ఉందేమో అడగాలి. వెళ్లేటప్పుడు వారాల సగటు బరువులు, నడుము కొలతలు, నూనె ప్యాకెట్ తేదీలు, వాడుతున్న మాత్రల అట్టలు వెంట తీసుకెళ్లండి.