నల్లగొండ, పాలమూరుల నుంచి సినిమా తీయడానికి నిధులు ఎలా అడగాలి?

షార్ట్ ఫిల్మ్, డాక్యుమెంటరీ తీయాలనుకునే యువతీ యువకులు దేవరకొండలో ఉన్నారు, నారాయణపేటలో ఉన్నారు, అచ్చంపేటలోనూ ఉన్నారు. ఈ రోజుల్లో కెమెరా పెద్ద సమస్య కాదు, ఫోన్‌తోనైనా మొదలుపెడతారు. పని ఆగేది డబ్బు దగ్గర. చిట్టీ ఎత్తుకునో, స్నేహితుల దగ్గర చేబదులు తీసుకునో ఒక సినిమా పూర్తి చేస్తారు. యూట్యూబ్‌లో పెడతారు. రెండో సినిమాకు చేతిలో ఏమీ ఉండదు. తిరిగి కట్టనక్కర్లేని డబ్బు, అంటే గ్రాంట్లు ఇచ్చే సంస్థలు మన దేశంలోనూ బయటా ఉన్నాయన్న సంగతి జిల్లాల దాకా రావడం లేదు, నా బాధ అదే. వాటికి అప్లికేషన్ రాయడం కూడా ఎడిటింగ్ లాగే నేర్చుకుంటే వచ్చే పని.

ముందు, సినిమా ఏ దశలో ఉందో తేల్చుకోండి

'ఎవరు ఫండ్ ఇస్తారు' అని వెతకడం మొదలుపెడితే వంద పేర్లు వస్తాయి, టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. ఒక్కో సంస్థ ఒక్కో దశకు సాయం చేస్తుంది. మీ దగ్గర ఉన్నది ఆలోచనా, స్క్రిప్టా, సగం షూట్ చేసిన ఫుటేజా, రఫ్ కట్టా (సినిమా మొత్తాన్ని మొదటిసారి కూర్చిన కూర్పు) అన్నది మొదట తేలాలి.

ఆలోచన, పరిశోధన దశలో ఉంటే బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ వైపు చూడండి. 1993లో మొదలైన స్వతంత్ర సంస్థ ఇది. కళలపై పరిశోధనకు, కొత్త ప్రయోగాలకు గ్రాంట్లు ఇస్తుంది. సినిమావాళ్లతో పాటు వీడియో, సౌండ్, ఫొటోలతో పనిచేసే మీడియా ఆర్టిస్టులకూ ఇక్కడ చోటుంది. ప్రతిపాదనను ఏ భారతీయ భాషలోనైనా రాయవచ్చు, అంటే తెలుగులోనే రాసి పంపవచ్చు. ఇంగ్లిష్ భయంతో వెనక్కి తగ్గేవాళ్లు మొదట ఇక్కడి నుంచి మొదలుపెట్టాలని నా సలహా.

కేంద్ర సాంస్కృతిక శాఖ కింద జూనియర్, సీనియర్ ఫెలోషిప్‌లు కూడా ఉన్నాయి. 25 నుంచి 40 ఏళ్లవాళ్లకు జూనియర్, నెలకు 10,000 రూపాయలు. 40 దాటినవాళ్లకు సీనియర్, నెలకు 20,000. రెండూ రెండేళ్ల పాటు ఇస్తారు. సినిమా ఖర్చుకు ఇది చాలదు, నిజమే. కానీ ఊరూరా తిరిగి బుర్రవీణ వాయించేవాళ్లనో, పాటలతో కథలు చెప్పే శారదకాండ్రనో కలిసి విషయం సేకరించడానికి పనికొస్తుంది. నారాయణపేట జిల్లా బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు 2024లో, పన్నెండు మెట్ల కిన్నెర మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చాయి.  ఇలాంటి కళల మీద పరిశోధన ఎంత ఆలస్యమైతే అంత నష్టం.

కథాచిత్రానికి స్క్రిప్ట్ సిద్ధంగా ఉంటే జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ (ఎన్ఎఫ్‌డీసీ) నడిపే స్క్రీన్‌రైటర్స్ ల్యాబ్ ఉంది, స్క్రిప్టును దిద్దుకునే వర్క్‌షాప్ అన్నమాట. ఇదే సంస్థ 2007 నుంచి గోవాలో ఏటా నవంబరులో ఫిల్మ్ బజార్ (ఇప్పుడు వేవ్స్ ఫిల్మ్ బజార్) నడుపుతోంది. అక్కడ నిర్మాతలు, ఫెస్టివల్ ప్రతినిధులు ఒకే చోట దొరుకుతారు. రఫ్ కట్ దాకా వచ్చినవాళ్లకు వర్క్ ఇన్ ప్రోగ్రెస్ ల్యాబ్ ఉంటుంది, ఎడిటింగ్ మీద అనుభవజ్ఞుల సలహాలు వస్తాయి. 35 ఏళ్లలోపు వాళ్ల కోసం గోవా అంతర్జాతీయ చలనచిత్రోత్సవం 2021 నుంచి క్రియేటివ్ మైండ్స్ ఆఫ్ టుమారో అనే పోటీ పెడుతోంది. డాక్యుమెంటరీ తీసేవాళ్లకు కోల్‌కతాలోని డాక్ఎడ్జ్ మంచి చోటు. ప్రాజెక్టును ఎలా చెప్పాలో ముందు నేర్పించి, తర్వాత దేశ విదేశాల నిధుల సంస్థల ముందు నిలబెడతారు.

విదేశాల్లో రోటర్‌డ్యామ్ ఫెస్టివల్‌కు చెందిన హ్యూబర్ట్ బాల్స్ ఫండ్, ఆమ్‌స్టర్‌డ్యామ్‌కు చెందిన ఇడ్ఫా బెర్తా ఫండ్, దక్షిణ కొరియాలోని బుసాన్ ఫెస్టివల్ వాళ్ల ఏషియన్ సినిమా ఫండ్ ముఖ్యమైనవి. ఇడ్ఫా ఫండ్ డాక్యుమెంటరీలకే. వీటికి పోటీ చాలా ఎక్కువ. మొదటి సినిమాతోనే ఇక్కడికి పరుగెత్తకండి, చేతిలో ఒక పూర్తయిన పని ఉన్నప్పుడు వెళ్లండి. నిబంధనలు, గడువులు ఏటా మారతాయి కాబట్టి ఆ సంవత్సరపు ప్రకటనను సంస్థ సొంత వెబ్‌సైట్‌లోనే చదవండి, వాట్సాప్‌లో వచ్చిన పోస్టర్‌ను నమ్మకండి.

విషయాన్ని మీ ఊరి దాకా దించండి

చాలా అప్లికేషన్లు ఇక్కడే పోతాయి. 'నల్లగొండ ఫ్లోరైడ్ సమస్యపై డాక్యుమెంటరీ' అని రాస్తే చదివేవాళ్లు పక్కన పెడతారు. ఫ్లోరైడ్ మీద ఇప్పటికే చాలా వచ్చాయి. అదే ఇలా రాసి చూడండి: 'మర్రిగూడ మండలంలో ఎముకలు వంగిపోయిన తండ్రి, భగీరథ నీళ్లు తాగి పెరిగిన కూతురు. ఆమె పెళ్లి సంబంధాలు మాత్రం ఇంకా ఆ ఊరి పేరు వినగానే తప్పిపోతున్నాయి.' ఇది ఊహించి రాసినదే, కానీ ఇందులో మనుషులున్నారు, ఒక ఊరుంది, తేలని ప్రశ్న ఒకటుంది. సమస్య పేరు చెబితే వ్యాసం అవుతుంది. ఆ సమస్యలో ఇరుక్కున్న మనిషి ఏం కోరుకుంటున్నాడో, దానికి ఏం అడ్డొస్తోందో చెబితే సినిమా అవుతుంది.

తర్వాత ప్రతి సంస్థా అడిగే ప్రశ్న: ఈ సినిమా మీరే ఎందుకు తీయాలి? మన జిల్లాలవాళ్లకు ఇక్కడ గట్టి జవాబు ఉంది. కోస్గి నుంచి ముంబై బస్సెక్కి అడ్డా మీద నిలబడి కూలికి వెళ్లిన తల్లిదండ్రుల బిడ్డ పాలమూరు వలస గురించి తీస్తానంటే, ఆ ఇంటి లోపలికి వేరే ఎవరూ రాలేరు. శ్రీశైలం ముంపులో భూమి పోయిన ఇంటి మనవరాలు ఆ కథ చెబితే దాని బరువే వేరు. దీన్ని సిగ్గుపడి దాచకండి, సానుభూతి కోసం సాగదీయకండి కూడా. నాలుగు వాక్యాల్లో నిక్కచ్చిగా రాయండి. అక్కడివాళ్లతో మీకు ఎన్నేళ్ల పరిచయం, కెమెరా ముందుకు రావడానికి ఎవరు ఒప్పుకున్నారు అన్నది కూడా రాయండి.

ఆ ఒప్పుదల కాగితం మీద ఉండాలి. చదువు రానివాళ్లకు చదివి వినిపించి, సినిమా ఎక్కడెక్కడ చూపిస్తారో చెప్పి, ఆ తర్వాతే సంతకమో వేలిముద్రో తీసుకోండి. ఫండ్ ఇచ్చేవాళ్లు అడుగుతారని మాత్రమే కాదు, వాళ్ల జీవితం వాళ్లది కాబట్టి.

కాగితాలు సిద్ధం చేసుకోండి

దాదాపు అందరూ అడిగేవి ఇవే: సినిమా దేని గురించో రెండు వాక్యాల్లో చెప్పే లాగ్‌లైన్, ఒక పేజీ సారాంశం, సినిమా తెర మీద ఎలా కనిపిస్తుందో ఎలా వినిపిస్తుందో చెప్పే ట్రీట్‌మెంట్, దర్శకుడి మాట, బడ్జెట్, టైమ్‌లైన్, పాత పనుల లింకులు. రెండు మూడు నిమిషాల టీజర్ ఉంటే బలం. టీజర్ అంటే హోరెత్తే మ్యూజిక్‌తో ట్రైలర్ కాదు. ఒకే మనిషితో తీసిన ఒక్క సీన్ చాలు, మాట స్పష్టంగా వినిపించాలి. దృశ్యం కాస్త గరుకుగా ఉన్నా క్షమిస్తారు, మాట వినపడకపోతే ఆపేస్తారు. అందుకే మొదటి వెయ్యి రూపాయలు లెన్స్ మీద కాకుండా మైకు మీద పెట్టండి.

బడ్జెట్‌లో మనవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది తమ సొంత జీతం. దర్శకుడికి సున్నా అని రాస్తే త్యాగంలా అనిపిస్తుందేమో గానీ, చదివేవాళ్లకు లెక్క తెలియదనే అనిపిస్తుంది. కెమెరా కిరాయి, సౌండ్ మనిషి, ప్రయాణం, భోజనాలు, ఎడిటర్, సబ్‌టైటిల్స్, ఫుటేజ్‌ను రెండు కాపీలుగా దాచే హార్డ్ డిస్కులు, అనుకోని ఖర్చులు అన్నీ రాయండి. ధరలు మీ జిల్లాలో నిజంగా ఉన్నవే వేయండి. నాగర్‌కర్నూల్‌లో షూటింగ్‌కు ముంబై రేట్లు వేస్తే ఇట్టే దొరికిపోతారు.

ఫెస్టివల్‌కు పంపే ముందు యూట్యూబ్‌లో పెట్టకండి

ఈ ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. సినిమా పూర్తయిన రోజే ఆన్‌లైన్‌లో పెడితే చాలా ఫెస్టివల్స్ తలుపులు మూసుకుంటాయి. తమ దగ్గరే మొదటి ప్రదర్శన జరగాలని కొన్ని కోరుకుంటాయి, బహిరంగంగా ఆన్‌లైన్‌లో ఉన్న సినిమాలను కొన్ని అసలే తీసుకోవు. ఒక ఏడాది ఆగండి. ఈలోగా పాస్‌వర్డ్ ఉన్న లింక్‌తో పంపండి.

మన సినిమాలకు దగ్గరి చోట్లు ముందు చూడండి. డాక్యుమెంటరీ, షార్ట్ ఫిల్మ్, యానిమేషన్ కోసం 1990లో మొదలైన ముంబై అంతర్జాతీయ చిత్రోత్సవం రెండేళ్లకోసారి జరుగుతుంది. తిరువనంతపురంలో కేరళ చలచ్చిత్ర అకాడమీ నడిపే డాక్యుమెంటరీ, షార్ట్ ఫిల్మ్ ఉత్సవం కొత్తవాళ్లకు చాలా ఉత్సాహమిస్తుంది, చూసేవాళ్లు హాలు నింపుతారు. కఠ్మాండూలోని ఫిల్మ్ సౌత్ ఏషియా 1997 నుంచి దక్షిణాసియా డాక్యుమెంటరీలకు వేదిక. గోవా ఉత్సవంలోని ఇండియన్ పనోరమాకు నాన్ ఫీచర్ విభాగం ఉంది. ఇలాంటి చోట్లకు ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ కావాలి. మెషీన్ అనువాదం వదిలేసి మన యాస తెలిసినవాళ్లతో రాయించండి. జాతీయ అవార్డులకు పంపాలంటే ఆ ఏడాది సెన్సార్ సర్టిఫికెట్ కూడా ఉండాలి. హైదరాబాద్‌లో సెన్సార్ బోర్డు ప్రాంతీయ ఆఫీసు ఉంది.

ఫెస్టివల్స్‌కు ఆన్‌లైన్‌లో సినిమాలు పంపడానికి వాడే ఫిల్మ్‌ఫ్రీవే వంటి సైట్లలో కనిపించే ప్రతి పేరూ ఫెస్టివల్ కాదు. నెలనెలా అవార్డులు పంచేవి, హాలు లేనివి, ప్రేక్షకులు లేనివి చాలా ఉన్నాయి. ఫీజు తీసుకుని, అవార్డు గుర్తుగా వేసే రెండు ఆకుల రెమ్మల మధ్య మీ సినిమా పేరు రాసి ఒక బొమ్మ పంపుతాయి. ఫీజు కట్టే ముందు మూడు విషయాలు చూడండి: గత ఏడాది ఏ థియేటర్‌లో జరిగింది, ఏ సినిమాలు ఆడాయి, జ్యూరీ ఎవరు. వీటికి జవాబు దొరకకపోతే వదిలేయండి. నిజమైన ఫెస్టివల్ ఫీజు మీకు భారమైతే మాఫీ అడుగుతూ మర్యాదగా మెయిల్ రాయండి, చాలామంది ఇస్తారు. అడగడంలో తప్పు లేదు.

డబ్బు వస్తున్నప్పుడు

విదేశీ సంస్థ నుంచి గ్రాంట్ వస్తుందంటే విదేశీ విరాళాల చట్టం వర్తించవచ్చు. అకౌంట్ నంబర్ ఇచ్చేముందే చార్టర్డ్ అకౌంటెంట్‌ను కలవండి. సొంత ఖాతాలో వేయించుకున్నాక సర్దుకుందాం అనుకోవద్దు. అగ్రిమెంట్‌లో హక్కులు ఎవరివో, ఎన్నేళ్లకో, క్రెడిట్ ఎలా వేయాలో, వాయిదాలు ఎప్పుడిస్తారో చదివి, అర్థం కానిది మెయిల్‌లోనే అడగండి. ఫోన్‌లో చెప్పిన మాటకు రుజువు ఉండదు. బిల్లులన్నీ ఫొటో తీసి నెలవారీగా ఫోల్డర్లలో పెట్టుకుంటే చివరి వాయిదా ఆలస్యం కాదు.

ఎంపిక కాకపోతే కారణం అడగండి. కొందరు జవాబిస్తారు, కొందరు ఇవ్వరు. అదే ప్రతిపాదనను తోచినట్టు అందరికీ పంపకుండా, వచ్చిన మాటల్లో పనికొచ్చేవి తీసుకుని దిద్ది, కొత్త టీజర్‌తో మరుసటి ఏడాది అదే సంస్థకు మళ్లీ పంపండి.