పాత క్యాసెట్‌లోని గొంతులను కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఎలా

ఏ క్యాసెట్లు ఎక్కించాలో ముందు తేల్చుకోండి. అట్టపెట్టెలోని సినిమా పాటల్లో చాలావాటికి ఇంతకన్నా మంచి కాపీలు బయట దొరుకుతాయి, వాటి మీద సాయంత్రాలు ఖర్చు పెట్టనక్కర్లేదు. తాతయ్య చదివిన పద్యం, రామాలయంలో చెప్పించిన హరికథ, పెళ్ళిలో సన్నాయి మేళం, గల్ఫ్ వెళ్ళినవాళ్ళు ఉత్తరానికి బదులు మాటలు నింపి పంపిన క్యాసెట్... ఇవి మరెక్కడా లేవు. పని మొదలయ్యేది వీటితోనే. సీ-60 అయితే పక్కకి 30 నిమిషాలు, సీ-90 అయితే 45. అరగంట రీలు ఎక్కాలంటే అరగంట పడుతుంది, అడ్డదారి లేదు.

చాలామంది కంప్యూటర్లో ఏ సాఫ్ట్‌వేర్ వాడాలన్న ప్రశ్నతో మొదలుపెడతారు. అది చివరి సంగతి. హెడ్డు (రీలు మీది శబ్దాన్ని చదివే ప్లేయర్ భాగం) దగ్గర పోగొట్టుకున్న శబ్దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు.

ప్లేయర్

ఆన్‌లైన్లో దొరికే చవక యూఎస్‌బీ క్యాసెట్ కన్వర్టర్లు కొనకండి. మోటారు నిలకడగా తిరగదు, రాగం ఊగిసలాడుతుంది. ఇంట్లోనో చుట్టాలింట్లోనో పడి ఉన్న పాత స్టీరియో డెక్ గానీ, మంచి వాక్‌మన్ గానీ బాగుచేసుకుంటే అంతకన్నా చాలా మెరుగు. ఏళ్ళ తరబడి మూలపడిన ప్లేయర్లో మొదట చెడేది బెల్టు. సాగిపోతుంది, లేదా కరిగి నల్లటి జిగురవుతుంది. పాత బెల్టు దారి మొత్తాన్ని దారంతో కొలిచి, చుట్టుకొలతలో దానికన్నా 5 నుంచి 10 శాతం చిన్నది తీసుకోండి. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో గానీ, చెన్నై రిచీ స్ట్రీట్‌లో గానీ పాత బెల్టు చేతిలో పట్టుకెళ్ళి అడగడం అన్నిటికన్నా సులువు. కరిగిన జిగురును కప్పీల గాడిలో రవ్వంత కూడా మిగల్చకండి, కొత్త బెల్టు దాని మీద జారుతుంది.

తర్వాత శుభ్రం. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది పుల్ల ముంచి ప్లే హెడ్డు, పక్కనున్న ఎరేజ్ హెడ్డు, రీలును లాగే సన్నటి ఇనుప కడ్డీ (క్యాప్‌స్టన్) తుడవండి. పుల్లకు గోధుమరంగు అంటడం ఆగేదాకా పుల్లలు మార్చండి. రీలును ఆ కడ్డీకి అదిమే రబ్బరు చక్రానికి మాత్రం ఆల్కహాల్ వద్దు, పదే పదే తగిలితే రబ్బరు బిగుసుకుపోతుంది. సబ్బునీళ్ళలో తడిపి గట్టిగా పిండిన గుడ్డ చాలు. చక్రం అద్దంలా మెరుస్తుంటే అది జారుతుందని అర్థం, రీలు నమిలేది అలాంటి చక్రమే. పది క్యాసెట్లకోసారి ఈ తుడుపు మళ్ళీ చేయాలి. మొదటిసారి పోయినా ఫరవాలేదనుకున్న క్యాసెట్ పెట్టి రెండు పక్కలా ఆడించి చూడండి. తాతయ్య పద్యంతో ప్రయోగాలు వద్దు.

క్యాసెట్

ప్లేయర్లో పెట్టకముందే వెనక అంచున ఉన్న రెండు ప్లాస్టిక్ నాలుకలూ విరిచేయండి. అవి ఉన్నంతకాలం పొరపాటున రికార్డు మీట నొక్కితే పాత గొంతు చెరిగిపోతుంది. ఇప్పటికే విరిచి టేపు అంటించి ఉంటే ఆ టేపు పీకేయండి.

క్యాసెట్ కిటికీలోంచి రీలు చుట్టను చూడండి. తెల్లటి పొడిలాగా, నూలుపోగుల్లాగా కనిపిస్తే బూజు. కోస్తా తేమలో ఇది మామూలే. దాన్ని మంచి డెక్‌లో పెడితే మిగతా క్యాసెట్లన్నిటికీ అంటిస్తుంది. సిలికా జెల్ పొట్లాలతో మూత బిగిసే డబ్బాలో రెండు వారాలు ఆరనిచ్చి, మాస్కు కట్టుకుని, ఆరుబయట మెత్తటి బ్రష్‌తో దులపండి. ఆడించడానికి వేరే పాత ప్లేయరు వాడి, వెంటనే దాన్ని తుడవండి.

ముందువైపు నడిమధ్యన సన్నటి రాగిరేకు మీద చిన్న ఫెల్టు ముక్క ఉంటుంది. రీలును హెడ్డుకు అదిమిపెట్టేది అదే. జిగురు ఎండి రాలిపోతే గొంతు దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది, మధ్యమధ్య తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. అలాంటప్పుడు పాడైన వేరే క్యాసెట్ డొల్లలోకి రీలు మార్చడమే మంచిది. ఐదు స్క్రూలున్న డొల్ల ఎంచుకోండి. విప్పగానే ఫోన్‌తో ఒక ఫోటో తీసి పెట్టుకోండి, రీలు ఏ గుండ్రటి చక్రం చుట్టూ ఎటునుంచి వెళ్తుందో పది నిమిషాల్లో మరిచిపోతారు. పాతది స్క్రూలు లేకుండా అతికించిన డొల్లయితే కత్తి మొనను అతుకులో పెట్టి నెమ్మదిగా విప్పాలి, డొల్ల పాడైనా పోయేదేమీ లేదు.

తెగిన రీలుకు మామూలు సెల్లోటేపు వేయకండి, జిగురు పక్క చుట్టలకు పాకి హెడ్డుకు అంటుకుంటుంది. 3.81 మిల్లీమీటర్ల వెడల్పు స్ప్లైసింగ్ టేపు వాడాలి. రెండు కొసలనూ ఒకదానిమీదొకటి పెట్టి ఏటవాలుగా ఒకే కోత కోసి, కొసలు ఆనుకునేలా పేర్చి, హెడ్డును తాకని వైపు అంటించండి.

రీలు వదులుగా ఉంటే షట్కోణపు పెన్సిల్ పెట్టి తిప్పి బిగించండి. ఆపైన ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్ళీ వెనక్కి చుట్టితే బిగువు సమానమవుతుంది. సీ-120 రీలు మరీ పలచన, దాన్ని అలా పరిగెత్తించకండి.

అజిముత్ (హెడ్డు నిలబడే కోణం)

అసలు తేడా చూపేది ఇక్కడే, ఎక్కువమంది దాటవేసేదీ ఇదే. రికార్డు చేసిన హెడ్డు ఏ కోణంలో నిలబడిందో, ఆడించే హెడ్డు కూడా అదే కోణంలో నిలబడాలి. వెంట్రుకవాసి వాలినా సన్నటి శబ్దాలు పోతాయి: 'స', 'శ'ల పదును, తాళాల గలగల. ఇళ్ళల్లో టూ-ఇన్-వన్‌లతో చేసిన రికార్డింగుల్లో ఏ రెండిటి కోణమూ ఒకలా ఉండదు, అందుకే ఇది క్యాసెట్ క్యాసెట్‌కూ చేయాల్సిన పని.

హెడ్డుకు రెండు స్క్రూలుంటాయి. స్ప్రింగు గానీ, రంగు చుక్క గానీ ఉన్నదే సాధారణంగా సర్దేది. అది మొదట ఎటు చూస్తోందో గుర్తు పెట్టుకోండి. ప్లేయర్‌ను కంప్యూటర్‌కు కలిపి (ఎలాగో కింద 'తీగలు, లెవెల్'లో ఉంది) క్యాసెట్ ఆడిస్తూ, కంప్యూటర్లో ఎడమ, కుడి రెండు ఛానళ్ళనూ మోనోగా, అంటే ఒకే ఛానల్‌గా కలిపి హెడ్‌ఫోన్స్‌లో వింటూ స్క్రూను కొద్దికొద్దిగా తిప్పండి. మోనోలో వింటే తప్పు కోణం ఇట్టే దొరుకుతుంది, రెండు ఛానళ్ళు ఒకదాన్నొకటి కొట్టేసుకుని గొంతు మొద్దుబారుతుంది. అన్నిటికన్నా పదునుగా వినిపించే చోట ఆపండి. పావు చుట్టు దాటాల్సి వస్తే వేరే లోపం ఉన్నట్టే, ముందు ఫెల్టు ముక్క చూడండి. చెవి మీద నమ్మకం లేకపోతే పది సెకన్లు రికార్డు చేసి బాగా జూమ్ చేయండి: మోనో రికార్డింగులో ఎడమ, కుడి అలల శిఖరాలు ఒకే నిలువు గీత మీద పడాలి.

డాల్బీ (టేపు బుస తగ్గించే ఏర్పాటు) మీట ఆపి ఉంచండి. క్యాసెట్ మీద డాల్బీ గుర్తు ఉంటేనే వేయాలి, లేనిదానికి వేస్తే ఉన్న పదును కూడా పోతుంది.

తీగలు, లెవెల్

ల్యాప్‌టాప్ మైక్ రంధ్రం ఈ పనికి పనికిరాదు. అది మోనో, పైగా మైక్ కోసం పెంచిన సున్నితత్వంతో గొంతు చిరిగిపోతుంది. లైన్-ఇన్ ఉన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ (ప్లేయర్ శబ్దాన్ని కంప్యూటర్‌కు అందించే చిన్న పెట్టె) కావాలి. బెహ్రింగర్ యూసీఏ202 లాంటి చిన్నదైనా చాలు. డెక్‌కు లైన్-అవుట్ ఉంటే అక్కడినుంచి, వాక్‌మన్ అయితే హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి తీగ వేయండి. యూసీఏ202లో లెవెల్ తిప్పే మీట లేదు కాబట్టి వాక్‌మన్ వాల్యూమే మీ మీట. విండోస్ కొన్నిసార్లు దీన్ని ఒకే ఛానల్ మైక్ అనుకుంటుంది. సౌండ్ సెట్టింగుల్లో రెండు ఛానళ్ళు ఎంచుకుని, శబ్దాన్ని 'మెరుగుపరిచే' ఆప్షన్లన్నీ తీసేయండి.

ఆడాసిటీ (శబ్దం రికార్డు చేసి సర్దే ఉచిత సాఫ్ట్‌వేర్) తెరిచి 48,000 హెర్ట్జ్ స్టీరియో పెట్టండి. క్యాసెట్లో అందరికన్నా గట్టిగా అరిచే చోటు వెతకండి (హరికథలో జనం గోవిందా కొట్టే చోటు సరిపోతుంది), అక్కడ మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా లెవెల్ ఉంచండి. సున్నాను తాకి పగిలిన శబ్దం బాగుపడదు. తక్కువైతే తర్వాత పెంచుకోవచ్చు.

గుయ్‌మని హమ్ వస్తే ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేసి, ప్లేయర్‌ను సెల్స్ మీద నడపండి. ఫోన్ దూరంగా పెట్టండి.

వేగం

క్యాసెట్ సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడవాలి. మీది సరిగా నడుస్తోందో లేదో తెలుసుకోవడానికి చిన్న కిటుకుంది. రికార్డు చేసిననాడు టేప్ రికార్డర్‌ను కరెంటు మీద నడిపి ఉంటే 50, 100 హెర్ట్జ్ హమ్ రీలులో ఉండిపోతుంది. సెల్స్ మీద ఆడించి ఎక్కించాక, ఎవరూ మాట్లాడని కొన్ని సెకన్లు ఎంచుకుని ఆడాసిటీలోని ప్లాట్ స్పెక్ట్రమ్‌లో (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో చూపే గ్రాఫ్) సైజు 65536 పెట్టి చూడండి. 100 దగ్గర రావాల్సిన శిఖరం 103 దగ్గర ఉంటే ప్లేయర్ సుమారు 3 శాతం వేగంగా నడుస్తోంది. స్పీడ్ మార్చే ఎఫెక్ట్‌లో గుణకం 0.971 ఇస్తే సరి. పిచ్ ఒక్కటే మార్చే ఎఫెక్ట్ వాడకండి, శ్రుతీ లయా కలిసే మారాలి. ఆ రోజుల్లో మన గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 కన్నా కిందికి జారుతుండేది, కాబట్టి ఒకటి రెండు శాతం తేడా కనిపిస్తే వదిలేయండి. అన్ని క్యాసెట్లూ ఒకే తేడా చూపిస్తే తప్పు మోటారుది. చాలా మోటార్లకు వెనక చిన్న రంధ్రంలో వేగం సర్దే స్క్రూ ఉంటుంది.

దాచడం

ఎక్కించిన ముడి ఫైలును ముట్టుకోకుండా ఫ్లాక్‌గా (నాణ్యత తగ్గని ఫైలు రకం) ఎగుమతి చేయండి. శుభ్రం చేసేది దాని కాపీ మీదే. నాయిస్ రిడక్షన్‌కు (బుస తగ్గించే ఎఫెక్ట్) నమూనాగా రీలు మొదట్లోని పారదర్శకమైన ముక్క పనికిరాదు, అందులో అయస్కాంతపు పూత లేదు, కాబట్టి టేపు బుస కూడా ఉండదు. పూత మొదలయ్యాక, గొంతు మొదలవకముందు రెండు సెకన్లు తీసుకోండి. 6 నుంచి 9 డెసిబెల్స్ తగ్గిస్తే చాలు. ఇంకా లాగితే గొంతు నీళ్ళలోంచి వచ్చినట్టు బుడబుడమంటుంది. కొంచెం బుస మిగిలినా మాట తేటగా ఉండటమే మేలు.

చుట్టాలకు వాట్సాప్‌లో పంపడానికి 128 కేబీపీఎస్ ఎంపీ3 సరిపోతుంది, అరగంటకు 29 ఎంబీ లోపే. ఫైలు పేరులో క్యాసెట్ నంబరు, పక్క, తెలిస్తే సంవత్సరం రాయండి. అదే నంబరు క్యాసెట్ మీద కూడా వేయండి. అట్ట మీది చేతిరాతను రెండు వైపులా ఫోటో తీసి అదే ఫోల్డర్లో పెట్టండి. ఒక కాపీ మీ దగ్గర, ఒకటి వేరే హార్డ్ డిస్క్‌లో, ఒకటి వేరే ఊళ్ళో ఉన్న చుట్టం దగ్గర ఉంచండి. ఎవరి గొంతు ఏదో గుర్తుపట్టగలిగే పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే వాళ్ళను కూర్చోబెట్టి వినిపించి, ఎన్నో నిమిషంలో ఎవరు మాట్లాడుతున్నారో రాసుకోండి. ఆడాసిటీలో వింటూనే కంట్రోల్-ఎం నొక్కితే ఆ చోటే లేబుల్ పడుతుంది.