పైథాన్ 3కి మారాక మిగిలిపోయిన పాత కోడ్: సమస్యలు, పరిష్కారాలు

పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో పాత వెర్షన్ అయిన పైథాన్ 2కు మద్దతు 2020 జనవరి 1తో ముగిసింది. అయినా రెండు వెర్షన్లలోనూ నడవాలని అప్పట్లో రాసిన కోడ్ చాలా ప్రాజెక్టుల్లో ఇంకా అలాగే ఉంది. ప్రోగ్రామ్ నడుస్తోంది కదా అని ఎవరూ దాని జోలికి పోరు. ఎర్రర్ చూపించి ఆగిపోయే కోడ్‌తో పెద్ద చిక్కు లేదు. చప్పుడు చేయకుండా తప్పు ఫలితం ఇచ్చేదాన్నే ముందు పట్టుకోవాలి.

లక్షణం: ఖాళీ ఆబ్జెక్టును కూడా ఇఫ్ షరతు నిజమనే తీసుకుంటోంది

కారణం: ఆ క్లాస్‌లో ముందూ వెనకా జంట అండర్‌స్కోర్లతో నాన్‌జీరో అనే మెథడ్ ఉండిపోయింది. పైథాన్ 3 దాన్ని పిలవదు, బూల్ అనే పేరు కోసం వెతుకుతుంది. అది లేక, లెన్ మెథడ్ కూడా లేకపోతే ప్రతి ఆబ్జెక్టూ నిజమే అవుతుంది. ఎర్రర్ రాదు, హెచ్చరికా రాదు.

పరిష్కారం: మెథడ్ పేరును బూల్‌గా మార్చండి. అదే ఊపులో యూనికోడ్, మెటాక్లాస్ అనే అండర్‌స్కోర్ పేర్లను కూడా ప్రాజెక్టు అంతటా వెతకండి. క్లాస్ లోపల మెటాక్లాస్ అని రాస్తే పైథాన్ 3కి అది మామూలు అట్రిబ్యూట్ మాత్రమే. దాన్ని క్లాస్ మొదటి వరుసలోని బ్రాకెట్లలోకి తేవాలి. ఈ పని చేత్తోనే చేయండి. ప్రతి చోటా ఆ క్లాస్ ఉద్దేశం ఏమిటో చదివి తేల్చుకోవాలి.

లక్షణం: పైథాన్ 3.9లో సరిగా నడిచిన కోడ్ 3.10లో పాత దారి పట్టింది

కారణం: వెర్షన్ తెలుసుకోవడానికి ఎవరో సిస్ వెర్షన్ స్ట్రింగ్‌లోని మొదటి మూడు అక్షరాలు తీసుకున్నారు. 3.10 అక్కడ "3.1" అయిపోతుంది, కోడ్ దాన్ని పాత వెర్షన్ అనుకుంటుంది.

పరిష్కారం: పోలిక తప్పనిసరైతే సిస్‌లోని వెర్షన్ ఇన్ఫో టపుల్‌తో (వెర్షన్ అంకెలను విడివిడిగా ఇచ్చే వరుసతో) పోల్చండి. మీరు మద్దతిచ్చే కనిష్ఠ వెర్షన్ ఆ షరతును ఎప్పుడో దాటేసి ఉంటే, షరతునూ పాత శాఖనూ కలిపి తీసేయండి.

లక్షణం: లిస్ట్ పిలుపులు తీసేశాక రన్‌టైమ్ ఎర్రర్

కారణం: పైథాన్ 2 కోడ్‌ను 3కి మార్చే పాత సాధనం టూ-టు-త్రీ. అది కీస్, మ్యాప్ ఫలితాల చుట్టూ అవసరం ఉన్నా లేకపోయినా లిస్ట్ చుట్టేది. వాటిలో చాలావరకు వృథానే. అయితే డిక్షనరీ కీల మీద లూప్ నడుస్తుండగా అదే డిక్షనరీలోంచి కీలను తొలగిస్తున్న చోట ఆ లిస్టే రక్షణ. దాన్ని తీసేస్తే లూప్ మధ్యలో డిక్షనరీ పరిమాణం మారిందంటూ ప్రోగ్రామ్ ఆగిపోతుంది. మ్యాప్ విషయం ఇంకా ప్రమాదకరం: లిస్ట్ తీసేశాక ఆ ఫలితాన్ని రెండోసారి చదివితే మారుమాట లేకుండా ఖాళీగా వస్తుంది.

పరిష్కారం: ఒక్కో లిస్ట్ దగ్గర ఆగి రెండు ప్రశ్నలు వేసుకోండి. లూప్ లోపల తొలగింపు ఉందా? ఫలితాన్ని రెండుసార్లు వాడుతున్నామా? ఏ ఒక్కటి అవునన్నా లిస్ట్‌ను ఉంచి, ఎందుకు ఉంచారో పక్కనే కామెంట్ రాయండి. లేకపోతే తరువాత వచ్చేవారు దాన్ని చెత్త అనుకుని తీసేస్తారు.

లక్షణం: ఇంపోర్ట్ దగ్గరే ఆగిపోతోంది

కలెక్షన్స్‌లోని మ్యాపింగ్ లాంటి పేర్లను 3.10లో తీసేశారు. అవి కలెక్షన్స్ ఏబీసీలో ఉన్నాయి. ఇంప్, డిస్ట్‌యుటిల్స్ మాడ్యూళ్లు 3.12లో పోయాయి. వాటికి బదులుగా ఇంపోర్ట్‌లిబ్, సెటప్‌టూల్స్ వాడండి.

లక్షణం: నడవడానికి అడ్డులేదు, చదవడానికే కష్టం

ఫ్యూచర్ ఇంపోర్టులు, యూటీఎఫ్-8 అని చెప్పే మొదటి వరుస కామెంట్, క్లాస్ పేరు పక్కన బ్రాకెట్లలో ఆబ్జెక్ట్, పొడవాటి సూపర్ పిలుపు. వీటిని కోడ్‌ను తామే సరిదిద్దే సాధనాలకు, అంటే పైఅప్‌గ్రేడ్‌కో, రఫ్‌లోని యూపీ నియమాలకో వదిలేయండి. ఒక్కో రకం మార్పుకు ఒక్కో కమిట్ పెట్టి, ప్రతిసారీ టెస్టులు నడపండి.

చివరగా, ఒకే కోడ్ పైథాన్ 2, 3 రెండింటిలోనూ నడిచేందుకు వాడిన సిక్స్ లైబ్రరీ. అవసరాల జాబితాలోంచి తీసేశాక కూడా ఇంపోర్ట్ సిక్స్ పనిచేస్తూనే ఉంటే పని పూర్తయిందనుకోకండి. డేట్‌యుటిల్ లాంటి లైబ్రరీలు దాన్ని తమతో పాటు తెచ్చుకుంటాయి. అందుకే కోడ్‌లో ఆ పేరును వెతికి, ఒక్కచోట కూడా కనిపించని దాకా తీసేయండి.